బడి సమస్యే పరిశోధన

అమెరికాలో టీచర్లు, ప్రిన్సిపాళ్లు ఉద్యోగం మానకుండా ఆన్‌లైన్‌లో చదవగలిగే డాక్టరేట్ ఒకటుంది. అది ఎడ్.డి., అంటే విద్యారంగ డాక్టరేట్. జాన్స్ హాప్కిన్స్ వంటి విశ్వవిద్యాలయాలు దీన్ని నడుపుతున్నాయి. పీహెచ్.డి.కీ దీనికీ తేడా ఏమిటన్న వాదన చాలాకాలం సాగింది. ఈ విద్యా డాక్టరేట్‌ను తీర్చిదిద్దేందుకు 2007లో మొదలైన కార్నెగీ ప్రాజెక్టు దారి చూపింది: అభ్యర్థి తన బడి సమస్యనే తీసుకోవాలి. ఉదాహరణకు, ఆరో తరగతి పిల్లలు తరచూ బడి ఎందుకు మానేస్తున్నారు? కారణాలు వెతకాలి, ఒక మార్పు అమలుచేయాలి, ఫలితం కొలవాలి, మళ్లీ సరిదిద్దాలి. సిద్ధాంత గ్రంథం అందులోంచే పుడుతుంది. నా దృష్టిలో ఇది ఎంతో విలువైన పద్ధతి. అయితే పరిశోధన చేసే ప్రిన్సిపాలే అడిగితే కింది టీచర్లు నిర్భయంగా నిజం చెప్పగలరా? అందుకే నైతిక సమీక్ష కీలకం. మన దేశంలో మాత్రం యూజీసీ 2022 నిబంధనలు ఆన్‌లైన్ పీహెచ్.డి.ని అనుమతించవు. కాబట్టి ఇలాంటి ఆన్‌లైన్ డాక్టరేట్‌కు ఫీజు కట్టేముందు ఇక్కడ దాని గుర్తింపు సంగతి తప్పక చూసుకోండి.