చెత్త పన్నుతో చర్చి పైకప్పు

చెత్తను గోతుల్లో పూడ్చే సంస్థలపై బ్రిటన్‌లో 1996 నుంచి టన్నుల లెక్కన పన్ను ఉంది. ఆ చెత్త పక్కనే బతికే ఊళ్లకు కొంత మేలు చేసే పథకమూ అప్పుడే మొదలైంది. చెత్త పూడ్చే సంస్థ, గుర్తింపు పొందిన ఓ సంఘానికి విరాళమిస్తే, అందులో 90 శాతం, ఓ పరిమితి వరకు, పన్నులో తగ్గుతుంది. ఆ సొమ్ము చిన్న గ్రాంట్లుగా పాత చర్చి పైకప్పుకో, చారిత్రక భవనం మరమ్మతుకో, పిల్లల పార్కుకో చేరుతుంది. గ్రాంటు కోరే పని చెత్త పూడ్చే చోటుకు దగ్గర్లో ఉండాలి, అందులో లాభాపేక్ష ఉండకూడదు, అక్కడికి జనానికి ప్రవేశం ఉండాలి. మిగతా 10 శాతం? తరచుగా దాన్ని భరించే దాతను గ్రాంటు కోరే సంఘమే వెతుక్కోవాలి. ఆ దాత దొరకాలంటే, దరఖాస్తుకు ముందే ఊరంతా ఒక్కమాట మీదికి రావడం మేలు.