ఇంటి కొక కవిలె

(వార్షిక మహాసభలో నొసగిన యుపన్యాసము)



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. విద్య యనగానే పాఠశాలలు, పరీక్షలు, ఉద్యోగములు తలపునకు వచ్చును. వానిని గూర్చి చెప్పగలవారు సభలో పెక్కుమంది కలరు. ప్రతి గృహస్థుడును తన చేతితో తానే కూర్చుకొనదగిన విద్య యొకటి కలదు. కన్నది, విన్నది, తనకు తోచినది వ్రాసి, అవసరమైనపుడు చేతికి దొరకునట్లు పదిలపరచుకొనుటయే యది. నేడు మేము దానిని గూర్చియే మనవి చేసెదము.

"సంస్కృతము చదివినవారు ధారణను విడిచి కాగితమును పొగడుట యేల?" యని కొందరు శంకింపవచ్చును. మేమును బాల్యమున అమరకోశమును వల్లెవేసినవారమే. అయినను ధారణ కుపకరించినది కేవలము నాలుక కాదు, ఏర్పాటు. అమరసింహుడు పదములను మూడు కాండములుగా, వర్గములుగా విభజించెను. కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేదమునందలి ప్రతి సూక్తమునకును ఋషిని, దేవతను, ఛందస్సును వరుసగా దెలుపును. నోటితో నిలుపుకొన్న విద్యకును పూర్వులు సూచిక నేర్పరచిరి. మరియు, పదిమంది వల్లెవేసినది యొకడు మరచినను నిలుచును. ఒక్కడే కన్నది వానితోనే పోవును. మన సేద్యము, మన యప్పులు, మన వంశముల సంగతులు ఈ రెండవ జాతికి జేరినవి.

ఇందులకు దృష్టాంతముగా మా తప్పు నొకదానిని చెప్పుకొందుము. 1987లో తెల్లదోమ ప్రకాశము, గుంటూరు జిల్లాల ప్రత్తిని నాశనము చేసినది. ఆకులపై తేనెవంటి జిగురు కారి, దానిపై నల్లని మసి పట్టినది. అప్పటికి మేము క్రొత్తగా నుపాధ్యాయులమై యుంటిమి. మా పొరుగున నొక రైతు ప్రతి సాయంకాలము మా యరుగుపై గూర్చుండి, ఏ మందు ఎన్నడు కొట్టినది, దోమ యెన్నినాళ్లు తగ్గి మరల నెట్లు పెరిగినది, ఎవరియొద్ద నెంత తెచ్చినది పూసగ్రుచ్చినట్లు చెప్పెడివాడు. మేము వినెడివారము. ఒక్క ముక్కయు వ్రాయలేదు.

ఆ వత్సరమే యతడు జబ్బుచేసి యకస్మాత్తుగా మరణించెను. పండ్రెండవ దినము గడువకమునుపే అప్పులవారు ముగ్గురు వచ్చి తలయొక మొత్తము చెప్పిరి. ఏది తీరినది, ఏది మిగిలినది, మందుల దుకాణమున బాకీ యెంత, ఆ యిల్లాలికి తెలియదు. "అన్నీ ఆయన నోటిలెక్కలే పంతులుగారూ" యని యామె మాతో ననెను. కొన్ని మాటలు మాకు జ్ఞప్తికి వచ్చినవి గాని, అంకెలు రాలేదు. ఆమె రెండెకరముల చేను విక్రయించి, అడిగినవారి కడిగినంత యిచ్చినది. చదువు రానివాడు చెప్పెను. చదువు వచ్చిన మేము వ్రాయమైతిమి. నాటినుండి మా యొద్ద నోటుపుస్తకము లేని దినము లేదు.

ఈ యలవాటు మనకు పరాయిది కాదు. పూర్వము గ్రామకరణములు తాటాకుల కవిలెకట్టలలో భూముల వివరములు, మాన్యములు, చెరువులు, దేవాలయముల సంగతులు వ్రాసి యుంచిరి. కర్నల్ మెకంజీ స్థానిక చరిత్రములను సేకరించినపుడు, ఏలూరివారగు కావలి వెంకట బొఱ్ఱయ్యయు, ఆయన సోదరులగు లక్ష్మయ్య, రామస్వాములును గ్రామములనుండి యట్టి వ్రాతలను, వృద్ధుల మాటలను సమకూర్చిరి. బొఱ్ఱయ్య 1803లోను, మెకంజీ 1821లోను గతించిరి. పిమ్మట సి. పి. బ్రౌను ఆ కైఫీయతులకు ప్రతులు వ్రాయింపకున్నచో, శిథిలమగుచున్న కాగితములతో నెన్ని యూళ్ల కథలు పోయి యుండెడివో! 1984లో కరణముల పదవులు రద్దయినవి. ఊరి కవిలె వ్రాయు కరణము నేడు లేడు. కావున నింటి కవిలెను ఇంటివారే వ్రాసికొనవలెను.

ఎట్లు వ్రాయవలెను? మేము ముప్పది యేండ్లకు పైగా వ్రాసిన పుస్తకములు పెట్టెడు కలవు. అందు మొదటి పదియేండ్లవి మాకే యుపయోగింపవు. సూచిక లేనందున కావలసినది దొరకదు. ఆ యనుభవముచే నేర్చినవి యివి. మొదటిది, జరిగిననాడే తేదీతో వ్రాయుట. రెండవది, ప్రమాణమును గుర్తించుట: తాను కన్నదానికి 'ప్ర' యని, ఊహించినదానికి 'అ' యని, ఒకరు చెప్పినదానికి 'శ' యని యంచున వ్రాసి, చెప్పినవారి పేరు చేర్చవలెను. ప్రత్యక్షానుమానశబ్దములను తార్కికులు వేరుపరచినది వాదముకొరకే కాదు. దుకాణదారుని మాటను మన కన్ను చూచినదానితో కలిపివేయకుండుటకు గూడ నది పనికివచ్చును. మూడవది, పుటలకు సంఖ్యలు వేసి, చివర అకారాదిగా విషయసూచిక వ్రాయుట. నాలుగవది, ఏటేట ఉగాదినాడు వెనుకటి పుటలు చదువుట.

ఈ నాలుగవదియే ఫలమునిచ్చునది. వ్రాత దాచుటకు మాత్రమే కాదు, పోల్చుటకును. 2021-22లో మిరపతోటలకు నల్ల తామరపురుగు వచ్చినది. పాత తామరపురుగు ఆకును పైకి ముడుచును. ఇది పూవులలో జేరి పూతను రాల్చినది. వెనుకటి యేండ్ల వ్రాత యున్నవాడు "ఇది పాతది కాదు" అని పూత రాలిన మొదటి వారముననే గుర్తింపగలడు. వ్రాత లేనివాడు అలవాటైన మందునే మరల మరల కొట్టి, అప్పును పెంచుకొనును. రెండు పుటలను ప్రక్కప్రక్కన నుంచినపుడు, ఆ రెంటిలో నేదియు చెప్పని మూడవ సంగతి తోచును. దానికే జ్ఞానమని పేరు.

యువకులు "మాకు ఫోను కలదు" అందురు. మంచిదే, అందును వ్రాయుడు. కాని ఫోను పగిలినపుడు పోనిచోట నింకొక ప్రతి యుండవలెను. ఇంటి యిల్లాలికి అది యెచ్చట నున్నదో, ఎట్లు తెరువవలెనో తెలిసి యుండవలెను. తా నొక్కడే చదువగల కవిలె నోటిలెక్కతో సమానమే.

పోషకులకు మా విన్నపము చిన్నది. పిల్లలకు బహుమానములిచ్చునపుడు వెండికప్పులతోపాటు గట్టి యట్ట గల నోటుపుస్తక మొక్కొక్కటి యిప్పింపుడు. మొదటి పుటలో తాతముత్తాతల పేర్లు, రెండవ పుటలో ఇంటి యప్పులు, రావలసినవి, మూడవ పుటనుండి చేను, ఊరు, చదువు వ్రాయింపుడు. వచ్చు మహాసభకు ఆ పుస్తకములను తెచ్చి యొకరి కొకరు చూపుకొనవచ్చును. అప్పుల పుట మాత్రము మడిచి యుంచవచ్చును!

ఆనాడు మా యరుగుపై విన్న మాటలను మేమిక వ్రాయజాలము. మీ యరుగులపై నేటి సాయంకాలము వినబోవు మాటలను మీరు వ్రాయగలరు. ఇంతటితో విరమించుచున్నాము.