దేశ్యమూ గ్రామ్యమూ: తెలుగు మాటలను వర్గీకరించిన చరిత్ర

(ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మృతిలో వరంగల్‌లో చేసిన ఉపన్యాస పాఠం)



భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1928లో ఒంగోలులో పుట్టి 2012 ఆగస్టు 11న మనకు దూరమయ్యారు. తెలుగు ధాతువుల మీద ఆయన రాసిన పుస్తకం 1961లో వచ్చింది. ద్రావిడ భాషలన్నింటినీ ఒక్క చోట పరిశీలించిన ఉద్గ్రంథం 2003లో వచ్చింది. ప్రపంచంలో ద్రావిడ భాషాశాస్త్రం చదివే వాళ్లెవరూ ఆ రెండు పుస్తకాలు చూడకుండా ముందుకు పోలేరు. అయినా ఈ రోజు నేను వాటి గురించి కాకుండా, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అచ్చు వేసిన ఆయన మాండలిక వృత్తిపదకోశం గురించి చెప్పదలిచాను. అది వ్యవసాయ పదాల సంపుటం. దాని విలువ తెలియాలంటే మన పెద్దలు మాటలను ఎట్లా వర్గాలు చేస్తూ వచ్చారో మొదటి నుంచి చూడాలి.

బడిలో మనమంతా నేర్చుకున్నది తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం. ఈ విభజన తెలుగు కోసం పుట్టింది కాదు. భరతుడి నాట్యశాస్త్రంలో ప్రాకృత పదాలను సమానశబ్దం, విభ్రష్టం, దేశీగతం అని మూడు తెగలు చేశారు. దండి కావ్యాదర్శంలో అవే తత్సమం, తద్భవం, దేశి అయ్యాయి. సంస్కృతాన్ని కొలబద్దగా పెట్టుకుని, దానికి ఎంత దగ్గరో ఎంత దూరమో చూసి ప్రాకృత పదాలను వేరుచేసే పద్ధతి ఇది. సంస్కృతంతో ఏ రకంగానూ ముడిపెట్టలేని మాటలు మిగిలితే వాటిని దేశి అన్నారు. పన్నెండో శతాబ్దంలో గుజరాత్‌లో హేమచంద్రుడు అట్లా మిగిలిన మాటలకే ఒక నిఘంటువు కూర్చాడు.

ఈ కొలబద్ద తెలుగుకు వచ్చేసరికి ఒక పెద్ద తేడా వచ్చింది. ప్రాకృతంలో ‘అగ్గి’ అనే మాట తరతరాలుగా నోటి నుంచి నోటికి మారుతూ వచ్చిన సొంత ఆస్తి. తెలుగులో అదే ‘అగ్గి’ బయటి నుంచి తెచ్చుకున్న మాట. మన సొంతమాట నిప్పు. రెండు భాషల్లోనూ దాన్ని తద్భవమనే పిలుస్తాం. ఒక చోట అది వారసత్వం, ఇంకో చోట అరువు. దేశ్యం విషయంలో పరిస్థితి మరీ తలకిందులైంది. ప్రాకృతంలో దేశి మిగిలిపోయిన మాటల మూట. తెలుగులో అమ్మ, కన్ను, నీరు, ఇల్లు, వచ్చు, పోవు వంటి మాటలన్నీ దేశ్యాలే. ఒక భాషకు వెన్నెముక అయిన పదజాలం చివరి గదిలోకి పోయిందంటే, ఆ గదులు కట్టింది ఆ భాష కోసం కాదనే అర్థం. ఈ సంగతి మన వ్యాకరణ బోధనలో ఎవరూ చెప్పకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

పదమూడో శతాబ్దంలో మూలఘటిక కేతన ఆంధ్రభాషాభూషణం రాశాడు. తెలుగు లక్షణాన్ని తెలుగులో చెప్పిన తొలి గ్రంథం అది. దండి దశకుమార చరిత్రను తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చిన కవి ఆయనే. తిక్కన మనుమసిద్ధి పక్షాన ఓరుగల్లుకు వచ్చి గణపతిదేవుడిని కలిశాడని మన సంప్రదాయం చెబుతుంది కాబట్టి, ఆ కాలపు పండితుల చర్చలు మన కోటకు దూరమైనవి కావు. కేతన మాటలను ఐదు రకాలు చేశాడు. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యంతో పాటు అచ్చ తెనుగును దేశ్యం నుంచి వేరుచేసి చూపాడు. సంస్కృతం లెక్కలో చివరకు పోయిన దాన్ని పేరు పెట్టి పైకి తెచ్చిన ఆ ఒక్క అడుగు నాకెంతో ముఖ్యమనిపిస్తుంది. తర్వాతి లాక్షణికులు దేశ్యంలో అన్యదేశ్యమనే పాయ తీశారు. నన్నయ పేరు మీద చలామణి అయిన సంస్కృత సూత్ర గ్రంథం ఆంధ్రశబ్దచింతామణి పదిహేడో శతాబ్దంలో అప్పకవి, ఎలకూచి బాలసరస్వతి చేతుల మీదుగా ప్రచారంలోకి వచ్చాక పాత కొలబద్దే మళ్లీ గట్టిపడింది.

ఇక్కడ మన పాల్కురికి సోమనాథుడిని తలుచుకోకుండా ముందుకు పోలేను. కాకతీయుల కాలంలో, ఇప్పటి జనగామ జిల్లాలోని పాలకుర్తి నుంచి వచ్చిన ఈ కవి జానుతెనుగు కావాలన్నాడు, ద్విపదను ఎత్తిపట్టాడు. ఆయన బసవపురాణంలో జనం నోటి పదాలు, పలుకుబళ్లు కుప్పలుగా ఉన్నాయి. కానీ లక్షణం చెప్పినవాళ్లు ప్రమాణంగా ఎంచుకున్న కవుల వరుసలో ఆయనకు తగిన చోటు దక్కలేదు. ఆయన వంటి శివకవుల ప్రయోగాలను విడమరచి చూపి లోకం కళ్లు తెరిపించడానికి ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి రావలసి వచ్చింది. ఎవరి మాటలను ఉదాహరణగా తీసుకుంటామన్నదే వర్గాల రూపాన్ని తీర్చిదిద్దుతుంది. సోమనాథుడిని ప్రమాణంగా పెట్టుకుని ఉంటే మన గ్రామ్యాల పట్టిక చాలా చిన్నదయ్యేది.

దేశ్యానికి అసలు న్యాయం 1816లో మద్రాసులో జరిగింది. ఎ.డి. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ముందుమాట చేర్చాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందన్న వాదాన్ని కాదని, తెలుగు, తమిళం, కన్నడం ఒకే మూలం నుంచి వచ్చాయని అందులో రుజువు చేశాడు. ఆ రుజువులో మన పండితుల పని ఎంతో ఉంది. మచిలీపట్నం మామిడి వెంకయ్య తన ఆంధ్రదీపికలో రాసిన విభజన, సెయింట్ జార్జ్ కోట కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టిక ఎల్లిస్‌కు ఆధారాలయ్యాయి. దేశ్యం అనే గదిలో ఉన్నది అసలు తెలుగేనని, తత్సమ తద్భవాలు దాని మీద వచ్చి చేరినవని ఆయన లెక్కను తిరగేశాడు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం రావడానికి ఇది 40 ఏళ్ల ముందు మాట.

కృష్ణమూర్తి గారు ఈ దారినే చివరిదాకా నడిచారు. తమిళంలో ఉరల్, తెలుగులో రోలు; అక్కడ ఇరండు, ఇక్కడ రెండు; అక్కడ అవన్, ఇక్కడ వాడు. మొదటి అచ్చు స్థానం మారే ఈ మార్పు నియమబద్ధమైనదని, మన భాష గోండి, కొండ, కువి వంటి భాషలతో ఒకే శాఖలో ఉందని ఆయన నిరూపించారు. మేడారం దారిలో మనకు ఎదురయ్యే కోయల సొంత భాష ఆ గోండి రూపమే. ‘ఇంకేమీ తెలియదు’ అని వదిలేసిన దేశ్యాలకు చుట్టాలు దొరికారు. ఆ చుట్టాల్లో కొందరు మన జిల్లాల అడవుల్లోనే ఉన్నారు.

పుట్టుకను బట్టి కాకుండా వాక్యంలో చేసే పనిని బట్టి మాటలను వేరుచేయడం ఇంకో పద్ధతి. యాస్కుడు నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అన్నాడు. తొల్కాప్పియం కూడా నాలుగే చెప్పింది. గ్రీకు వ్యాకరణం నుంచి లాటిన్ మీదుగా ఇంగ్లీషుకు ఎనిమిది వచ్చాయి. మన బడిపుస్తకాల్లో నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని ఐదున్నాయి. తెలుగు ఈ ఐదింటిలోనూ పూర్తిగా ఇమడదు. ‘మీద’, ‘కింద’ అవ్యయాలని రాస్తాం గానీ అవి మీదికి, కిందినుంచి అని నామంలాగే ప్రత్యయాలు తీసుకుంటాయి. మంచి, పెద్ద, చిన్న వంటి అసలైన విశేషణాలు కొన్నే. ‘అందమైన’లోనూ ‘అందంగా’లోనూ ఉన్నది ‘అగు’ అనే క్రియే. గలగల, చకచక వంటి మాటల కోసం బడిపుస్తకంలో ప్రత్యేకమైన చోటే లేదు. ఇవీ, ‘పులి గిలి’ లాంటి జంటమాటలూ భారతదేశ భాషలన్నింటినీ కలిపే లక్షణాలని అమెరికా పండితుడు ఎమెనో చూపించాడు.

ఇక గ్రామ్యం. నేను చెప్పదలిచిన అసలు విషయం ఇదే. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి నాలుగు వర్గాలకూ నిర్వచనాలిచ్చాడు. మొదటి మూడూ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాయి. నాలుగోది లక్షణానికి విరుద్ధమైనదని మాత్రమే చెబుతుంది. మూడు వర్గాలు పుట్టుక అడుగుతుంటే నాలుగోది యోగ్యత అడుగుతోంది. రెండు వేరువేరు ప్రశ్నలను ఒకే వరుసలో నిలబెట్టడం శాస్త్రం ఒప్పదు. సూరి గొప్ప వైయాకరణుడు, సూత్రం కుదించి చెప్పడంలో ఆయనకు సాటి లేరు. ఈ ఒక్క చోట మాత్రం వర్గం స్థానంలో తీర్పు వచ్చి కూర్చుంది.

ఆ తీర్పు ఎంత దూరం పోయిందో ఒక్క క్రియ చూస్తే తెలుస్తుంది. గ్రాంథికంలోని ‘వచ్చినాఁడు’ నుంచి కోస్తాలో ‘వచ్చాడు’ వచ్చింది, మన దగ్గర ‘వచ్చిండు’ వచ్చింది. రెండూ ఆ రూపానికి పిల్లలే. రెండింటిలోనూ ఒక అక్షరం జారిపోయింది. సూరి లెక్కలో రెండూ గ్రామ్యాలే. గిడుగు రామమూర్తి గారి వ్యావహారిక భాషా ఉద్యమం తలుపు తెరిచింది, దానికి తెలుగుజాతి ఎప్పటికీ రుణపడి ఉంటుంది. కానీ ఆ తలుపులో నుంచి ముందు లోపలికి వెళ్లింది మధ్య జిల్లాల చదువుకున్నవారి వాడుక. ‘వచ్చాడు’ పాఠ్యపుస్తకమైంది, ‘వచ్చిండు’ యాస అయింది. మడికొండలో పెరిగి హనుమకొండలో జీవితమంతా గడిపిన కవి కాళోజీ, బడిలో నేర్పే మాటకంటే జనం పలుకుబడికే విలువ ఎక్కువని ఎందుకంత గట్టిగా పట్టుబట్టారో ఈ ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని నేడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. రైతు, జవాబు, ఖర్చు ఉర్దూ మీదుగా వచ్చిన మాటలే అయినా అందరివీ అయ్యాయి. దవాఖాన, జర, పరేషాన్ కూడా అదే దారిన వచ్చాయి, కానీ వాటిని తెలంగాణ గుర్తులని పక్కన పెట్టారు. ఇక్కడ మాట పుట్టుకకు సంబంధమే లేదు, ఎవరు మాట్లాడుతున్నారన్నదే చూశారు.

1962 నాటి వృత్తిపదకోశం ఈ నాలుగో గదిని మూసేసింది. కృష్ణమూర్తి గారు ఊళ్లలో రైతుల నోటి నుంచి పదాలు సేకరింపజేశారు. ఏ పనిముట్టును ఏ ప్రాంతంలో ఏమంటారో రాసుకున్నారు. ఏది సాధువు, ఏది అసాధువు అని ఎక్కడా తీర్పు చెప్పలేదు. ఆ పదాల వ్యాప్తిని బట్టి తెలుగును తూర్పు, దక్షిణ, ఉత్తర, మధ్య మాండలికాలుగా గుర్తించారు. మన తెలంగాణ మాట ఉత్తర మాండలికం, మిగతా మూడింటితో సమానమైన నాలుగోది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. పడుగు, పేక, నాడె అనే మాటలను కావ్యపదాలకిచ్చినంత గౌరవంతో అందులో చేర్చారు.

విద్యార్థులకు ఒక మనవి. కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాలు తగ్గిపోతున్నాయి. ట్రాక్టర్ వచ్చాక నాగలి భాగాల పేర్లు తాతలకే తెలుసు. కోయగూడేల్లో పిల్లలు తెలుగులోకి జరుగుతున్నారు. ఒక నోటుపుస్తకం తీసుకుని మీ ఇంట్లో, మీ వాడలో, మీ ఊళ్లో పెద్దలు చెప్పే మాట రాసుకోండి. పక్కన ఊరి పేరు, చెప్పినవాళ్ల పని, వయసు రాయండి. తప్పు, ఒప్పు అని గీతలు గీయకండి. విన్నది విన్నట్టు రాసి తెచ్చి ఈ నగరంలోని కాకతీయ విశ్వవిద్యాలయం తెలుగు శాఖకు అప్పగించండి.