నింగి నుండి రాలిన ఇనుము
(ప్రసంగ పాఠం)

1621వ సంవత్సరం ఏప్రిల్ నెలలో ఒక ఉదయం జలంధర్ పరగణాలోని ఒక గ్రామంలో భయంకరమైన ధ్వని వినిపించింది. ఆకాశం నుండి ఒక వెలుగు నేలకు దిగింది. పరగణా అధికారి మహమ్మద్ సయీద్ వెళ్లి చూడగా పది పన్నెండు గజాల మేర నేల మాడిపోయి ఉన్నది. తవ్విన కొద్దీ వేడి హెచ్చింది. చివరకు ఒక ఇనుప ముద్ద బయటపడింది. జహంగీర్ చక్రవర్తి తన ఎదుటనే తూయించగా అది 160 తులాలు తూగింది.

ఉస్తాద్ దావూద్ అనే పనివాడిని పిలిపించి దానితో కత్తులు చేయమన్నాడు చక్రవర్తి. కాని ఆ లోహం సుత్తి దెబ్బకు నిలువక ముక్కలైపోయింది. అప్పుడు దావూద్ మూడు పాళ్లు ఆ ఇనుము, ఒక పాలు మామూలు ఇనుము కలిపి రెండు ఖడ్గాలు, ఒక కటారు, ఒక చిన్న కత్తి తయారు చేశాడు. ఈ వివరాలన్నీ జహంగీర్ తన స్వీయచరిత్రలో వ్రాసుకున్నాడు. బరువు, పాళ్లు, లోహస్వభావం అన్నీ అందులో ఉన్నాయి. ప్రభువుల రాతలలో ఇంతటి ఖచ్చితత్వం తరచుగా కనిపించదు.

ఆ తరువాత ఒకటిన్నర శతాబ్దానికి కూడ ఐరోపా పండితులలో చాలామంది ఆకాశం నుండి రాళ్లు పడతాయంటే నమ్మలేదు. అది పల్లెజనం భ్రమ అన్నారు. సైబీరియాలో 1749లో మెద్వెదెవ్ అనే కమ్మరి కనుగొన్న సుమారు 700 కిలోల ఇనుప బండను ప్రకృతి శాస్త్రవేత్త పల్లాస్ 1772లో పరిశీలించాడు. దగ్గరలో అగ్నిపర్వతం గాని, కొలిమి గాని లేకుండా అంత ఇనుము ఎక్కడిది? అది అంతరిక్షం నుండి వచ్చినదేనని 1794లో జర్మన్ పండితుడు క్లాడ్నీ ఒక గ్రంథంలో వాదించాడు. వాదం బలమైనదే, కాని చేతికి అందే రుజువు కావాలి.

ఆ రుజువులో కాశీకి కూడ భాగమున్నది. 1798 డిసెంబరులో కాశీ సమీపాన క్రాఖుత్ అనే పల్లె దగ్గర, మబ్బులేని ఆకాశంలో అగ్నిగోళం కనిపించి, రాళ్లు కురిశాయి. ఒక రాయి కావలివాని గుడిసె కప్పును చీల్చుకొని నేలలో దిగబడింది. ఆ రాళ్లు లండన్ చేరాయి. రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హోవర్డ్, ఖనిజ శాస్త్రవేత్త బూర్నాన్ కలిసి వాటిని, ఇటలీ, ఇంగ్లాండు, బొహీమియాలలో పడిన రాళ్లను విడివిడిగా పరీక్షించారు. రాళ్లలోని ఇనుప రేణువులలో నికెల్ ఉన్నది. సైబీరియా, అర్జెంటీనా, సెనెగల్ దేశాల ఇనుప ముద్దలలోనూ నికెల్ ఉన్నది! భూమిపై సహజంగా దొరికే ఇనుములో ఇది బహు అరుదు. 1802లో హోవర్డ్ ఈ ఫలితాలు ప్రకటించాక గుడిసె కావలివాని సాక్ష్యాన్ని కాదనడం కష్టమైంది. మరుసటి సంవత్సరమే గ్రెవిల్ అనే విద్వాంసుడు జహంగీర్ కథనాన్ని రాయల్ సొసైటీ ముందుంచాడు. దానిని పారసీకం నుండి ఆంగ్లంలోకి అనువదించినవాడు కర్నల్ కిర్క్‌పాట్రిక్. అంతకు ముందు ఆయన హైదరాబాదులో కంపెనీ రెసిడెంటుగా పనిచేశాడు. అనువాదకుడు శాస్త్రానికి చేసిన సేవ సాధారణంగా ఎవరి లెక్కలోనూ చేరదు.

ఇక లోహపు లోపలి నిర్మాణం. 1804లో నేపుల్స్‌లో ఉన్న ఆంగ్లేయుడు థామ్సన్, పల్లాస్ ఇనుముకు పట్టిన తుప్పు వదిలించడానికి నత్రికామ్లం పూశాడు. తుప్పు పోయి, అడ్డదిడ్డంగా అల్లుకున్న పట్టీల చిత్రం బయటపడింది. 1808లో వియన్నాలో విడ్మన్‌స్టాటెన్ మరొక ఉల్కా ఫలకాన్ని మంటపై కాల్చి అదే అల్లికను చూశాడు. చిత్రానికి ఆయన పేరే స్థిరపడింది. థామ్సన్ మరుగున పడ్డాడు. వెడల్పు పట్టీలు నికెల్ తక్కువగా ఉన్న కామసైట్. వాటి అంచులలోని సన్నని పొరలు నికెల్ ఎక్కువగా ఉన్న టీనైట్. ఇనుము, గంధకం కలిసిన ట్రాయిలైట్ అనే మరో ఖనిజం కూడ వీటి మధ్య కనిపిస్తుంది.

ఈ అల్లికను ఏ కొలిమిలోనూ పుట్టించలేము. చిన్న గ్రహాల గర్భంలో కరిగిన లోహం పది లక్షల ఏండ్లకు కొద్ది డిగ్రీలు మొదలు కొన్ని వేల డిగ్రీల చొప్పున చల్లారితేనే నికెల్ అణువులు వేరుపడి పట్టీలుగా సర్దుకుంటాయి. ఉస్తాద్ దావూద్ సుత్తి క్రింద పగిలినది అటువంటి లోహమే. అతడు చేసిన వాటిలో ఒక కత్తి ఇప్పుడు వాషింగ్టన్ నగరంలో స్మిత్‌సోనియన్ సంస్థవారి కళా ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది.