ఇంటికి వచ్చిన కుక్కపిల్ల – ఊరు వహింపవలసిన బాధ్యత

(జహీరాబాద్ ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశములలో రహదారులను గూర్చి, మంచినీటిని గూర్చి, వీధి దీపములను గూర్చి మాటలాడుట పరిపాటి. కుక్కపిల్లను గూర్చి ప్రసంగించుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. అది ఎవరి ఇంటి విషయము వారిది కదా, పంచాయతీకి దానితో ఏమి పని యని మీరు అడుగవచ్చును. ఆ పని యేమో చెప్పుటకే మేము ఈనాడు మీ ముందుకు వచ్చితిమి. కుక్కపిల్లకు పుట్టిన నాలుగు మాసములలో జరుగవలసినవి జరిగినచో ఆ ఇంటికి నమ్మకమైన కాపరి లభించును. జరుగనిచో ఆ వీధిలోని పసిబిడ్డలందరికిని ప్రాణభయము పొంచియుండును. కనుక ఇది ఒక ఇంటి విషయము మాత్రమే కాదు, ఊరి విషయము.

జహీరాబాద్, కోహీర్, న్యాల్కల్, ఝరాసంగం, మొగుడంపల్లి మండలములలో కుక్క లేని పొలము గుడిసె అరుదు. చెరకు తోటలోనికి అడవిపందులు రాకుండ మొరుగునది అదియే. జొన్నచేనికి రాత్రి కావలి యుండునది అదియే. నల్లగొర్రెల మంద వెంట కోసుల కొలది నడచి, రాత్రి దొడ్డి చుట్టును తిరుగునదియు అదియే. మన పెద్దలు భైరవునికి కుక్కను వాహనముగా చెప్పిరి. మల్లన్న దేవుని వెంట కుక్కను నిలిపిరి. స్వర్గద్వారమువరకు వచ్చిన కుక్కను విడువజాలనని ధర్మరాజు నిలిచిన కథ మీరెరుగనిది కాదు.

భారతారంభమున మరియొక కథ కలదు. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమ యను దేవశుని బిడ్డ అచటికి వచ్చెను. అది హవిస్సును ముట్టలేదు, చూడనైన లేదు. అయినను రాజు తమ్ములు దానిని కొట్టిరి. తల్లి వచ్చి నా బిడ్డ చేసిన తప్పేమని అడుగగా ఎవ్వరును బదులు చెప్పలేదు. అంతట ఆమె, మీకు కనబడని దిక్కునుండి భయము వచ్చునని శపించెను. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు ఈ కథను తెనిగించెను. కుక్కపిల్లను ఆలోచన లేక చూచిన ఇంటికి కనబడని దిక్కునుండి వచ్చు భయమేదో ఈనాడు మనకు తెలియును. దాని పేరు రేబీస్. మన పల్లెల మాటలో పిచ్చికుక్క వ్యాధి.

వ్యాధి స్వభావము

ఈ వ్యాధి క్రిమి కుక్క లాలాజలమున నుండును. కాటు ద్వారమున గాని, గీరుడు ద్వారమున గాని, గాయమును నాకుటచేత గాని మనుష్యుని శరీరమున ప్రవేశించును. నరముల వెంట మెల్లగా మెదడును చేరును. కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని మాసములు బయటపడక యుండవచ్చును. నీటిని చూచి భయపడుట మొదలగు లక్షణములు కనిపించిన తరువాత రోగి బ్రతుకుట దాదాపు లేదు. ప్రపంచమున ఏటేట దాదాపు 59,000 మంది దీని వాత పడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. వారిలో నూటికి 40 మంది 15 సంవత్సరముల లోపు పిల్లలే. మనుష్యులకు సోకు రేబీస్ నూటికి 99 పాళ్లు కుక్కల వలననే వచ్చుచున్నది.

ఇంత భయంకరమైన వ్యాధికి నివారణ మాత్రము చాల సులభము. 1885 జూలై 6వ తేదీన ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు 9 ఏండ్ల బాలునికి ఈ వ్యాధి నివారణకు తొలి టీకా నిచ్చి కాపాడెను. మన దేశమున 1907లో కూనూరునందు పాశ్చర్ సంస్థ వెలసినది. బొడ్డు చుట్టును 14 సూదులు పొడిపించుకొనిన వారు మన ఊళ్లలో ఇంకను ఉన్నారు. గొర్రె మెదడు నుండి తీసిన ఆ పాత టీకా తయారీ 2004 చివరకు మన దేశమున నిలిచిపోయినది. ఈనాటి టీకా భుజమునకు ఇచ్చెదరు; బాధ స్వల్పము. కనుక పాత సూదులకు జడిసి ఆసుపత్రికి పోకుండుట తగదు.

పిల్లను ఇంటికి తెచ్చునప్పుడు

కుక్కపిల్లకు 8 వారములు నిండకమునుపు తల్లినుండి వేరు చేయరాదు. తల్లిపాలవలన దానికి రోగనిరోధక శక్తి కలుగును. తోబుట్టువులతో ఆడుకొనుచు, ఎంత గట్టిగా కొరికిన ఎదుటిది ఏడ్చునో అది నేర్చుకొనును. ఈ పాఠము నేర్వక ముందే తెచ్చిన పిల్ల పెద్దదైన పిమ్మట పిల్లలను కరచుటకు వెనుదీయదు.

తెచ్చిన దినమున దానికొక చోటు చూపవలెను. గాలివాన తగులని మూల గోనెసంచి పరచి, తల్లి పడుకొనిన చోటి పాత గుడ్డ యొకటి తెచ్చి వేసినచో ఆ వాసనకు అది నెమ్మదించును. కోహీరు ప్రాంతపు శీతకాలపు చలి మన రాష్ట్రమున ఎన్నదగినది. ఆ దినములలో పిల్లను ఆరుబయట నుంచరాదు. మొదటి రెండు మూడు రాత్రులు అది ఏడ్చును. అది మొండితనము కాదు. తల్లి లేని దిగులు. కొట్టరాదు, దూరముగా కట్టివేయరాదు. మనుష్యులు పడుకొను చోటికి దగ్గరగా ఉంచినచో నాలుగవనాటికి ఇల్లు తనదని తెలిసికొనును.

ఆహారము దినమునకు మూడు నాలుగు మారులు కొంచెము కొంచెముగా పెట్టవలెను. మజ్జిగలో నానిన మెత్తని జొన్నరొట్టె, అన్నము, ఉడికించిన గ్రుడ్డు మంచివి. పాలు ఎక్కువైనచో విరేచనములగును. ఉల్లిగడ్డ, ద్రాక్ష, చాక్లెట్లు, ఉడికిన కోడి ఎముకలు పెట్టరాదు. త్రాగునీరు ఎల్లప్పుడు అందుబాటులో నుండవలెను. తినుచున్నప్పుడు పిల్లలు దానిని కదలించరాదని ఇంటి పెద్దలు నేర్పవలెను.

మూడవ వారము మొదలు పదునాలుగవ వారము వరకు కుక్కపిల్ల లోకమును నేర్చుకొను కాలము. ఈ కాలమున ముసలివారు, పసివారు, ఎడ్లు, మేకలు, ట్రాక్టరు చప్పుడు, సైకిలు అన్నియు దానికి పరిచయము కావలెను. ఎప్పుడును గొలుసుతో కట్టి, వచ్చినవారిపై ఉసిగొల్పి పెంచిన కుక్క కాపరి కాదు. అది ఇరుగుపొరుగువారికి ప్రమాదము.

పశువైద్యుని వద్దకు

పిల్లను తెచ్చిన రెండు మూడు దినములలోనే పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. ఎద్దుకు జబ్బు చేసిన పరుగెత్తెదము గాని, కుక్కపిల్లకు వైద్యుడేల యను మాట ఊళ్లలో వినిపించుచుండును. ఎద్దు జబ్బు ఎద్దుతోనే పోవచ్చును. కుక్క జబ్బు ఇంటివారికి అంటును. ఆ భేదము గుర్తింపవలెను.

గంపలోనో గుడ్డలోనో పెట్టి తీసికొనిపోవలెను. వైద్యశాల నేలపై విడువరాదు. టీకాలు పూర్తికాని పిల్లకు అచట ఇతర కుక్కల జబ్బులు సోకవచ్చును. ఆనాటి పేడ కొంచెము చిన్న సంచిలో కట్టి తీసికొనిపోయినచో పురుగులున్నవో లేవో వైద్యులు చూడగలరు. వారు పిల్లను తూచి, చిగుళ్లను, కండ్లను, చెవులను, కడుపును పరీక్షించి, బరువును బట్టి నులిపురుగుల మందు ఇచ్చెదరు. మూడు మాసముల వయస్సు వరకు రెండు వారములకొకమారు, ఆరు మాసముల వరకు నెలకొకమారు, తరువాత మూడు మాసములకొకమారు ఈ మందు పోయించుట మంచిది. ఈ పురుగుల గ్రుడ్లు మట్టిలో కలసి, మట్టిలో ఆడు పిల్లల కడుపులోనికి కూడ చేరును.

6 నుండి 8 వారముల వయస్సున పార్వో, డిస్టెంపర్ అను వ్యాధుల నివారణకు మొదటి టీకా. రక్తవిరేచనములతో రెండు మూడు దినములలో పిల్లలు చచ్చుట మీరు చూచియుందురు. అది తరచుగా పార్వో వ్యాధియే. ఈ టీకా 16 వారముల వయస్సు వరకు మూడు నాలుగు వారములకొకమారు మరల వేయించవలెను. 3 మాసములు నిండగానే రేబీస్ టీకా వేయించవలెను. వైద్యులు చెప్పిన గడువున మరియొకటి, ఆపైన ఏటేట ఒకటి తప్పరాదు. ప్రతి టీకాను ఒక కార్డుపై వ్రాయించి, రేషను కార్డుతో పాటు భద్రపరుపుడు. ఎవరినైన ఆ కుక్క కరచిననాడు ఆ కార్డు విలువ తెలియును.

రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. పిడుదులు పట్టినవని చేనికి చల్లు పురుగుమందును కుక్క ఒంటికి పూయువారున్నారు. దానివలన కుక్క చచ్చును. దానిని ఎత్తుకొనిన బిడ్డకును విషము తగులును. అట్లే మనుష్యుల నొప్పి మాత్రలు కుక్కకు వేయరాదు. వైద్యులు చెప్పిన మందే వాడవలెను.

గొర్రెల కాపరులకు ప్రత్యేకముగా ఒక మాట. చచ్చిన గొర్రె తలను, పేగులను, కాలేజమును పచ్చిగా కుక్కకు వేయరాదు. వానిలోని తిత్తుల వలన కుక్క కడుపున బద్దెపురుగులు పెరుగును. వాని గ్రుడ్లు పేడతో గడ్డిపై పడును. ఆ గడ్డి మేసిన గొర్రె మెదడున తిత్తి ఏర్పడి, అది తల వాల్చి గిరగిర తిరిగి చచ్చును. మరియొక జాతి బద్దెపురుగు వలన మనుష్యుల కాలేజమునకు తిత్తి పట్టును. పనికిరాని భాగములను లోతుగా పాతిపెట్టుడు. లేదా బాగుగా ఉడికించి వేయుడు.

కుక్కపిల్ల కొరికినచో

పాలపండ్ల పిల్ల కొరికిన ఏమగునని ఉపేక్షించుట మన ఊళ్లలో గల గొప్ప ప్రమాదము. మూడు మాసములు నిండని పిల్లకును రేబీస్ సోకవచ్చును. టీకా వేసినను దాని శక్తి కలుగుటకు కొన్ని వారములు పట్టును. కనుక చిన్న గాటైనను, గీరుడైనను వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. కట్టు కట్టరాదు. మంత్రము వేయించి ఇంట కూర్చుండరాదు. ఆనాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో, జహీరాబాద్ ఏరియా ఆసుపత్రికో పోవలెను. చర్మములోనికిచ్చు పద్ధతిలో మొదటి దినమున, 3వ, 7వ, 28వ దినములలో టీకా నిచ్చెదరు. కండరమునకిచ్చు పద్ధతిలో 14వ దినమున కూడ ఒకటి ఉండును. నెత్తురు వచ్చిన గాయమునకు గాయము చుట్టును మరియొక మందు ఇచ్చెదరు. కరచిన కుక్కను చంపక 10 దినములు కనిపెట్టియుండవలెను. ఆ పది దినములు గడచునని టీకాను మాత్రము ఆపరాదు.

పంచాయతీ చేయవలసినది

ఇంతవరకు ఇంటివారి పని చెప్పితిమి. ఇక మీ పని.

మొదటిది: పంచాయతీ కార్యాలయమున కుక్కల చిట్టా యొకటి పెట్టుడు. ఏ ఇంట ఎన్ని కుక్కలు, ఆడదా, మగదా, టీకా ఎన్నడు పడినది, ఇంతమాత్రము చాలును. ఊరికుక్క అందరిదియు అగుటచేత ఎవ్వరిదియు కాకపోవుచున్నది. అన్నము పెట్టువారు పదిమంది. సూది వేయించువాడు ఒక్కడు లేడు. అన్నము పెట్టు ఇంటి పేరనే దానిని వ్రాయుడు.

రెండవది: ఏడాదికొక టీకా దినము జరుపుడు. పాశ్చరు తొలి టీకా వేసిన జూలై 6 గాని, ప్రపంచ రేబీస్ దినమగు సెప్టెంబరు 28 గాని అందుకు తగిన తేదీలు. ముందుగానే పశువైద్యులకు జాబు వ్రాయుడు. టీకా 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున నుండవలెను, మంచుపెట్టె సిద్ధపరుపుడు. దండోరా తెలుగుననే కాక, మీ ఊరిలో ఉర్దూ, కన్నడము మాటలాడువారుండిన ఆ భాషలలోను వేయింపుడు. ఊరి కుక్కలలో నూటికి 70 కి టీకా పడినచో వ్యాధి వ్యాపింపజాలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కుక్కల వలన కలుగు రేబీస్‌ను 2030 నాటికి నిర్మూలింపవలెనని 2021లో భారత ప్రభుత్వము కార్యప్రణాళికను ప్రకటించినది. ఆ లక్ష్యము ఢిల్లీలో కాదు, మీ వీధులలో నెరవేరవలెను.

మూడవది: ఆడపిల్లల సంగతి. మగపిల్లను ఇంటికి తెచ్చుకొని ఆడపిల్లను చెత్తకుప్ప వద్ద విడుచుట వాడుకయైనది. విడిచిన ఆ ఆడకుక్కయే ఏడాదికి రెండు ఈతలు ఈని వీధిని నింపుచున్నది. ఈనకుండ శస్త్రచికిత్స చేయించు ఏర్పాటు చేసినచో ఆడకుక్కయు మంచి కాపరియే యని ప్రజలకు నచ్చచెప్పుడు.

నాలుగవది: విషము పెట్టించుట పరిష్కారము కాదు. అది 1960 నాటి జంతుహింస నివారణ చట్టమునకు విరుద్ధము. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను క్రింద ఐదేండ్ల వరకు శిక్షకు తగిన నేరము. పైగా చచ్చిన కుక్కల చోటికి టీకా లేని క్రొత్త కుక్కలు వచ్చిచేరును. 2023 నాటి నిబంధనలు వీధికుక్కలకు శస్త్రచికిత్సయు టీకాయు చేయించు బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచినవి. తరువాత వానిని పట్టిన చోటనే విడువవలెను. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు నిలయముల ఆవరణలనుండి పట్టిన వానిని మాత్రము మరల అచట విడువరాదని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించినది.

ఐదవది: పాఠశాలలోను, అంగన్‌వాడీలోను పిల్లలకు ఒక్క సంగతి నేర్పింపుడు. కుక్క కరచిననాడు తిట్టుదురని దాచక, ఇంటికి వచ్చి చెప్పవలెను. దాచిన గాటే ప్రాణము తీయును.

సభ్యులారా! ఈ పనులకు పెద్ద నిధులు అక్కరలేదు. ఒక చిట్టా, ఒక జాబు, ఒక మంచుపెట్టె, ఏడాదికి ఒక్కదినపు శ్రమ చాలును. రాబోవు గ్రామసభలో మీ ఊరి కుక్కపిల్లలలో ఎన్నింటికి టీకా పడినదని అడుగుడు. ఆ ప్రశ్నకు లెక్క చెప్పగలిగిన ఊరిలో పసిబిడ్డ వీధిలో నిర్భయముగా ఆడుకొనగలదు.