చేతి ఫోనులో నిల్వ చోటు: పాత రకములు, క్రొత్త రకములు, వాటి ధరలు

(సికిందరాబాదు పద్మారావు నగర్‌లో రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పైర్ల సాగును గూర్చి చెప్పవలసిన నేను ఫోనును గూర్చి మాటలాడుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. అందుకు కారణమున్నది. 2025-26 పత్తి కాలమున భారత పత్తి సంస్థకు మద్దతు ధరపై పత్తి అమ్మవలెనన్న, 'కపాస్ కిసాన్' అను యాప్‌లో పేరు నమోదు చేసుకొని, పత్తి తెచ్చు దినమును ముందుగా కుదుర్చుకొనవలసి వచ్చినది. ఆ ఏడు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలు 1కి 8,110 రూపాయలు. పత్తిని ఆరబెట్టి తేమను 12 శాతములోపు తెచ్చిన రైతు కూడ, ఫోను నిండియుండి యాప్ ఎక్కకపోయినచో ఆ దినము పనిని నిలుపుకొనవలసినదే. కావున ఫోనులోని నిల్వ చోటు నేడు కాలక్షేపపు సంగతి కాదు, సేద్యపు సంగతి.

ముందుగా రెండు మాటల తేడా తెలిసికొందము. దుకాణములో '4 జీబీ, 64 జీబీ' అని చెప్పుదురు. ఇందు మొదటిది ర్యామ్, రెండవది స్టోరేజీ. ర్యామ్ మన కళ్ళము వంటిది. పని జరుగుచున్నంతసేపే దానిలో సరకు ఉండును, పని ముగియగానే ఎత్తివేయుదురు. స్టోరేజీ గాదె వంటిది. ఫోను ఆపినను అందులో వేసినది అట్లే ఉండును. ఫోటోలు, పాటలు, పాసుపుస్తకపు నకళ్ళు, యాప్‌లు అన్నియు ఈ గాదెలోనివే. కళ్ళము చిన్నదైన పని నెమ్మదించును, గాదె చిన్నదైన క్రొత్త సరకు పట్టదు. రెండింటిని కలిపివేసి 'మెమరీ' అని అమ్మువాడు చెప్పినప్పుడు, ఏది కళ్ళము, ఏది గాదె అని విడదీసి అడుగవలెను.

ఈ విషయమున ఒక క్రొత్త పోకడ కలదు. తక్కువ ధర ఫోనుల పెట్టెలపై '8 జీబీ వరకు ర్యామ్' అని పెద్ద అక్షరములతో వేయుచున్నారు. క్రింద చిన్న అక్షరములలో చూచిన 4 జీబీయే నిజమైన ర్యామ్, తక్కిన 4 జీబీని స్టోరేజీలోనుండి తీసికొందురని ఉండును. గాదెలో ఒక మూల కొంత నేల ఊడ్చి దానిని కూడ కళ్ళమని లెక్కకట్టుట వంటిది ఇది. గాదెకు గాదె తగ్గును, ఆ మూల అసలు కళ్ళమంత పనికి రాదు.

ఇక తరుగు సంగతి. ధాన్యము కాటా దగ్గర తరుగు తీసిన మనకు ప్రాణము చివుక్కుమనును కాని, ఫోనులో పోవు తరుగును ఎవ్వరును అడుగుట లేదు. పెట్టెపై 64 జీబీ అని ఉన్నను, అంతయు మనది కాదు. తయారుచేయువారు జీబీని నూరు కోట్ల బైట్లుగా లెక్కించుదురు. కంప్యూటరు పాత లెక్క ప్రకారము అది కొంచెము పెద్దది. ఆ లెక్కన 64 సుమారు 59.6 అగును. ఇది లెక్కలోని తేడాయే కాని మోసము కాదు. అసలు తరుగు వేరు. ఫోను నడుచుటకు కావలసిన ఆండ్రాయిడ్, కంపెనీవారు ముందే ఎక్కించిన యాప్‌లు కలిసి నేటి ఫోనులలో 15 నుండి 20 జీబీ వరకు పట్టుకొనియుండును. 2013లో మనదేశమున 41,500 రూపాయలకు విడుదలైన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 పై 16 జీబీ అని ఉండగా, కొన్నవారికి దక్కినది సుమారు 9 జీబీ. పెద్ద ఫోనులో ఈ తరుగు కనబడదు, చిన్న ఫోనులో సగము తినివేయును. 32 జీబీ ఫోను నేడు కొనదగదని నేను చెప్పుట ఇందువల్లనే.

ధరలు ఎట్లు మారినవో చూతము. 2007లో అమెరికాలో మొదటి ఐఫోను వచ్చినప్పుడు 4 జీబీది 499 డాలర్లు, 8 జీబీది 599 డాలర్లు. అనగా నాలుగు జీబీలకు నూరు డాలర్లు ఎక్కువ. మనదేశమునకు 2008 ఆగస్టులో ఐఫోన్ 3జీ వచ్చినది. 8 జీబీది 31,000 రూపాయలు. ఇది మన ఊళ్ళకు చేరిన వస్తువు కాదు. ఊళ్ళకు తగిన ఫోనుల ధరలను 2014 నుండి చూతము. ఆ ఏడు ఫిబ్రవరిలో మోటో జీ వచ్చినది. 8 జీబీది 12,499, 16 జీబీది 13,999 రూపాయలు. మేలో మోటో ఈ 6,999కే వచ్చినను, లోపల 4 జీబీ మాత్రమే. సెప్టెంబరులో వచ్చిన రెడ్‌మీ 1ఎస్ 5,999 రూపాయలకు 8 జీబీ ఇచ్చినది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయైన పిమ్మట వీడియోలు వరదవలె వచ్చిపడినవి, ఆ చిన్న గాదెలు ఒక్క నెలలో పొర్లిపోయినవి. 2017 జనవరిలో వచ్చిన రెడ్‌మీ నోట్ 4లో 32 జీబీ రకము 9,999 రూపాయలనుండియు, 64 జీబీ రకము 12,999 రూపాయలకును దొరకెను. 2019లో రెడ్‌మీ నోట్ 7 ప్రో 64 జీబీది 13,999, 128 జీబీది 16,999.

ఇప్పుడు మనము ఎరువుల ధరలు పోల్చునట్లు లెక్క కట్టుదము. బస్తా ధర చూచి ఎరువు కొనవద్దని, అందలి పోషకము కిలో ఎంత పడినదో చూడవలెనని మీకు పలుమార్లు చెప్పియున్నాము. ఇక్కడను అంతే. చిన్న రకమునకు, పెద్ద రకమునకు గల ధర తేడాను, ఎక్కువగా వచ్చు జీబీలతో భాగించిన, ఒక జీబీ ఎంత పడినదో తెలియును. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌లో 16 జీబీది 53,500, 32 జీబీది 62,500. తేడా 9,000. పదహారుతో భాగించిన జీబీ 562 రూపాయలు పడినది. మోటో జీలో జీబీ 187 రూపాయలు. రెడ్‌మీ నోట్ 4లో 3 జీబీ ర్యామ్‌తో 32 జీబీది 10,999. దానికి 2,000 చేర్చిన 64 జీబీయు, మరియొక జీబీ ర్యామును వచ్చెను. ర్యామ్‌ను వదలి లెక్కించినను జీబీ 62 రూపాయలే. నోట్ 7 ప్రోలో 47 రూపాయలు. 2024 నాటి ఐఫోన్ 16లో 128 జీబీది 79,900, 256 జీబీది 89,900, అనగా జీబీ 78 రూపాయలు. పదకొండేండ్లలో ఒకే కంపెనీ ఫోనులో 562 నుండి 78కి దిగినది. అయినను అయిదేండ్లనాటి రెడ్‌మీ కంటె అది ఎక్కువే! పేరున్న సరకు ఎప్పుడును పేరుకు కూడ ధర కట్టును. 2025లో వచ్చిన ఐఫోన్ 17లో 128 జీబీ రకమునే తీసివేసి, 256 జీబీతో 82,900 నుండి మొదలు పెట్టినారు.

ఈ లెక్క చూచి, ఆగిన కొలది చౌక అగునని తలచవలదు. ఇన్నేండ్లు అట్లే జరిగినది నిజమే. కాని 2025 చివరి నెలలలో మెమరీ చిప్పుల ధరలు పైకి లేచినవి. కృత్రిమ మేధ కొరకు కట్టుచున్న పెద్ద పెద్ద డేటా కేంద్రములకు చిప్పులు విస్తారముగా కావలసివచ్చి, తయారుచేయువారు తమ ఫ్యాక్టరీలను ఆ వైపు మళ్ళించినారు. మిరపకు ధర వచ్చిన ఏట పత్తి చేలన్నియు మిరప అగుట మీరెరిగినదే. అవసరమున్నవారు ధర తగ్గునని ఏడాది ఆగుట మంచి బేరము కాకపోవచ్చును.

ఎవరికి ఎంత కావలెను? సాధారణపు ఫోటో ఒకటి 3 నుండి 5 ఎంబీ ఉండును. దినమునకు పది ఫోటోలు, ఒక్కొక్కటి 4 ఎంబీ చొప్పున, ఏడాదికి 14.6 జీబీ. వీడియో సంగతి వేరు. నిమిషము వీడియో 120 ఎంబీ అనుకొన్నను, దినమునకు రెండు నిమిషములు తీసిన ఏడాదికి 87 జీబీ దాటును. తెగులు సోకిన ఆకును చూపుటకు మాకు వీడియో అక్కరలేదు. ఆకు పైభాగము ఒకటి, అడుగు భాగము ఒకటి, మొక్క మొత్తము ఒకటి, మూడు ఫోటోలు చాలును. వాతావరణమునకు మేఘదూత్, ధరలకు ఈ-నామ్, వాట్సాప్ వాడు రైతుకు 64 జీబీ సరిపోవును. పిల్లలు కూడ అదే ఫోనులో చదువుకొనుచు వీడియోలు చూచు ఇంటిలో 128 జీబీ కొనవలెను. తేడా రెండు, మూడు వేలు అయిన వెనుకాడవద్దు. నాలుగేండ్లు వాడు వస్తువునకు అది ఏడాదికి ఏడెనిమిది వందలలోపే. 256 జీబీ మన పనులకు అనవసరమని నా అభిప్రాయము. ఆ డబ్బును స్ప్రేయరు మరమ్మతుకు పెట్టుట మేలు.

ఫోను నిండగానే నెమ్మదించుట మీరు చూచియుందురు. ఇందుకు కారణము చిప్పు స్వభావములోనే ఉన్నది. ఇందలి వ్రాతమీద నేరుగా మరొక వ్రాత వ్రాయుటకు వీలులేదు. ఒక మడి మొత్తమును చెరిపి, పిదపనే క్రొత్తది వ్రాయవలెను. ఆ మడిలో ఉంచదగినది ఏమైన ఉన్నచో ముందు దానిని వేరొక ఖాళీ మడికి మార్చవలెను. పాత మోళ్ళు తీయకుండ విత్తనము వేయలేనట్లే ఇదియును. ఖాళీ మడులే లేనప్పుడు ఈ మార్పిడికి పట్టుకాలము ఎక్కువగును, ఫోను బిగిసిపోవును. కావున పదింట ఒక వంతైన ఎప్పుడును ఖాళీగా ఉంచవలెను.

నింపునది ఎవరన్న, చాల వరకు మన స్నేహితులే! మనదేశమున ప్రతి ముగ్గురు ఫోనుదారులలో ఒకరికి దినదినము చోటు చాలకపోవుచున్నదని 2018లో ఒక లెక్క వెలువడినది. అందుకు పెద్ద కారణములలో ఉదయమే పంపుకొను శుభోదయపు బొమ్మలు ఒకటి. దేవుని బొమ్మ తుడిచివేసిన పాపమేమో అని ఒక పెద్దాయన నన్నడిగినారు. గోడమీది పాత క్యాలెండరును ఏడాదికొకసారి తీయుచున్నాము గదా అని చెప్పితిని. వాట్సాప్ సెట్టింగులలో 'స్టోరేజీ అండ్ డేటా' అను చోట, ఫోటోలు వీడియోలు వాటంతట అవి దిగకుండ ఆపవచ్చును. అక్కడనే 5 ఎంబీకి మించినవి వేరుగా కనబడును. మొదట వానిని తీసివేయుడు. తీసినవి కొన్ని ఫోనులలో చెత్తబుట్టలో కొన్ని దినములుండును. బుట్ట కూడ ఖాళీ చేసిననే చోటు దొరకును. పాసుపుస్తకము, రసీదుల నకళ్ళను మాత్రము ముందుగా వేరొకచోట దాచుకొనుడు. గూగుల్ ఖాతా ఒక్కొక్కదానికి 15 జీబీ ఉచితముగా ఉన్నది.

మెమరీ కార్డు, అదే మనవారు చిప్పు అనునది, వేసికొనుటకు చోటున్న ఫోనులు చౌకరకములలో ఇంకను ఉన్నవి. ఐఫోనులలో మొదటినుండియు లేదు, శామ్‌సంగ్ పెద్ద ఫోనులలో 2021 నాటి ఎస్21 నుండి తీసివేసినారు. ఫోటోలకు కార్డు మంచిదే. యాప్‌లకు మాత్రము లోపలి చోటే ఆధారము. బయట '1 టీబీ' అని అగ్గువకు అమ్ము కార్డులలో నకిలీలున్నవి. అవి పెద్దవిగా కనబడును గాని, నిజమైన హద్దు దాటగానే వేసినవి పాడగును. బిల్లు లేకుండ కార్డు కొనవద్దు. కొన్న వెంటనే దానిని నిండుగ నింపి, అన్నియు తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను.

గాంధీ ఆసుపత్రి పనిమీదనో, స్కందగిరి దర్శనమునకో ఇటు వచ్చినవారు, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకో, ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్టుకో పోయి ఫోను చూచుకొనుట పరిపాటి. పాత ఫోను ఎక్కడ కొన్నను, జీబీలొక్కటే చూడవద్దు. 2013లో 53,500 పెట్టి కొన్న ఐఫోన్ 5ఎస్‌లో 2025 మే 5 నుండి వాట్సాప్ నడచుట లేదు. ఆండ్రాయిడ్ 5కు ముందున్న ఫోనులలోను ఆ ఏడు మొదటినుండి ఆగిపోయినది. గాదె ఎంత పెద్దదైనను తలుపు తెరచుకొనకున్న ఫలమేమి? సెట్టింగులలో ఆండ్రాయిడ్ సంఖ్యను, నిజముగా ఎంత చోటు ఖాళీగా ఉన్నదో స్వయముగా చూడవలెను. పిదప *#06# నొక్కిన 15 అంకెల ఐఎమ్‌ఈఐ సంఖ్య కనబడును. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి, ఒక ఖాళీ విడిచి, ఆ సంఖ్యను చేర్చి 14422కు మెసేజీ పంపిన, అది ఏ కంపెనీ ఫోనో, ఏ రకమో, వాడదగినదో కాదో తెలియును. దొంగ సొత్తని నిలిపివేసిన ఫోనైన అక్కడనే బయటపడును. డబ్బు చెల్లించుటకు ముందే, దుకాణములో నిలబడియే ఈ పని చేయవలెను.