ఠాణా మెట్లు ఎక్కని ఇల్లు

(స్త్రీలు - పోలీసు వ్యవస్థ అనే అంశంపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాకటి నుంచి చట్టాల గురించి, కోర్టు తీర్పుల గురించి వింటున్నాం. నేను వేరే చోటు నుంచి మొదలుపెడతాను. మన ఇళ్లలో పోలీసు స్టేషన్ గురించి ఎవరు ఏం చెప్పుకుంటారు? ఎవరు చెప్పకుండా ఊరుకుంటారు? హక్కుల గురించి మాట్లాడే మనం ఈ ప్రశ్న పెద్దగా వేసుకోలేదని నాకనిపిస్తుంది.

హైదరాబాదులో మూసీకి ఇవతల ఒక పాత మొహల్లాలో మా ఇల్లు. నాలుగిళ్ల అవతల పోలీసు స్టేషన్. దాని పేరు చెప్పను. చెబితే అది ఆ ఒక్క స్టేషన్ సంగతి అయిపోతుంది. మీలో ప్రతి ఒక్కరికీ అలాంటి స్టేషన్ ఒకటి ఉండే ఉంటుంది. పెంకుల కప్పు, ముందు వరండా, వరండాకు ఐదు రాతి మెట్లు, పక్కన వేపచెట్టు, చెట్టుకింద పట్టుకొచ్చిన సైకిళ్లు. ఇంటికి ఎవరైనా సంబంధం మాట్లాడడానికి వస్తే మా తాత చెప్పే మొదటి మాట, "మాది ఠాణా మెట్లెక్కని ఇల్లు." ఆస్తి గురించి, చదువుల గురించి ఆ తర్వాతే. స్టేషన్ గోడ నీడ మా వాకిట్లో పడేది. అయినా ఆ మాట అనేవాడు. వచ్చినవాళ్లు తల ఊపేవాళ్లు.

తాత దగ్గర స్టేషన్ కథలు బోలెడుండేవి. అవన్నీ అరుగు మీద కూర్చుని చెప్పే కథలు. నిజాం కాలంలో నగర పోలీసు అధిపతిని కొత్వాల్ అనేవారు కదా. 1920 తర్వాత చాలా ఏళ్లు రాజాబహదూర్ వెంకటరామారెడ్డి గారు కొత్వాల్‌గా ఉన్నారు. ఆయన పేరెత్తితే తాత నిటారుగా కూర్చునేవాడు. ఎస్సైని అమీన్ సాబ్ అనేవాళ్లు. పోలీసు చర్య జరిగి, నిజాం పోయి, రాష్ట్రాలు మారినా మా వాడలో ముసలివాళ్లు చాలాకాలం అమీన్ సాబ్ అనే పిలిచారు. ఆయన తెల్ల గుర్రం, ఆయన మీసం, దొంగను పట్టుకున్న తీరు, ఇవీ కథలు. ఆ కథల్లో ఒక్క ఆడమనిషి లేదు. ఆ ఠాణాలో అప్పట్లో రాతంతా ఉర్దూలో. మా నాయనమ్మకు ఉర్దూ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. తెలుగూ చదవడం రాదు. ఏ భాషలో రాసినా ఆమెకు ఒకటే.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. మా పెద్దనాయన అప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. ఊరేగింపులో పట్టుకుని మూడు రోజులు ఆ స్టేషన్లోనే ఉంచారు. ఆ మూడు రోజుల గురించి ఆయన నలభై ఏళ్లు చెప్పాడు. లాకప్‌లో పాటలు పాడారట, జవాన్లు కూడా గొంతు కలిపారట. ఇక్కడ మీరొకటి గమనించాలి. ఇంత జరిగినా తాత మాటకు భంగం రాలేదు. కొడుకు లాకప్‌లో ఉన్నది ఉద్యమం కోసం. అది గౌరవం. అందుకని లెక్కలోకి రాలేదు.

ఆ మూడు రోజులూ అన్నం తీసుకుపోయింది నాయనమ్మ. ఈ విషయం పెద్దనాయన కథలో ఎక్కడా లేదు. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి ఆమెనే అడిగితే చెప్పింది. "పొద్దుగాల, మాపటికి పోయేదాన్ని. మొదటి దినం జవాను అన్నంల లాఠీ పెట్టి కలిపి చూసిండు. ఆ అన్నం మావాడు ఎట్ల తింటడు? ఇంటికొచ్చి మళ్ల వండుకపోయిన." మరి మనది ఠాణా మెట్లెక్కని ఇల్లంటాడు కదా తాత, అన్నాను. "నేను అన్నమియ్యబోతిని గదా, అదేం లెక్క" అంది. ఆమె కూడా దాన్ని లెక్కలో వేసుకోలేదు.

స్టేషన్ వెనక పోలీసు క్వార్టర్లు ఉండేవి. రెండు వరసలు, ఒక్కో ఇంటికి ఒకటిన్నర గది, అందరికీ కలిపి ఒకటే నల్లా. ఆ ఇళ్ల పిల్లలు మాతోపాటు ఆడుకునేవాళ్లు. ఒక కానిస్టేబుల్ భార్య మా అమ్మకు దోస్తు. మధ్యాహ్నం పూట వచ్చి మా ఇంట్లో బియ్యం ఏరుతూ కూర్చునేది. ఆమె చేతిమీద వాతలుండేవి. మా అమ్మ "పోయి చెప్పరాదా ఎవరికన్నా" అంటే ఆమె నవ్వేది. ఎవరికి చెబుతుంది? చెప్పాల్సిన చోటే ఆమె మొగుడి నౌకరి. మనం పోలీసుల దౌర్జన్యం అంటాం, పోలీసుల భార్యల గురించి ఒక్క కరపత్రమైనా వేశామా? ఇది పక్కదారి అనుకోకండి. పద్దెనిమిది గంటల డ్యూటీ చేసి, పై అధికారితో తిట్లు తిని ఇంటికొచ్చే మనిషి ఇంట్లో ఏం చేస్తాడో, మర్నాడు దెబ్బలు తిని వచ్చిన ఆడమనిషికి స్టేషన్లో ఏం చెబుతాడో, ఆ రెండూ ఒకటే.

1978 మార్చి నెలాఖరు. నాకప్పుడు పదేళ్లు. సినిమా చూసి రాత్రిపూట తిరిగొస్తున్న రమీజాబీని పోలీసులు పట్టుకుని నల్లకుంట స్టేషన్‌కు తీసుకుపోయారు. ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ రిక్షా కార్మికుడు. స్టేషన్లో ఆమె మీద అత్యాచారం జరిగిందని, నిలదీసిన భర్తను కొడితే అతను చనిపోయాడని తెలిసి నగరం అట్టుడికిపోయింది. కాల్పులు, కర్ఫ్యూ. విచారణకు వేసిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. ఆ కమిషన్ ముందు పోలీసుల తరఫున చేసిన ప్రయత్నమంతా ఆమె నడవడి మంచిది కాదని చూపించడానికే. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో అక్కడి కోర్టు నిందితులను విడిచిపెట్టింది. స్త్రీశక్తి సంఘటన వంటి సంఘాలు హైదరాబాదులో రూపుదిద్దుకున్నది ఆ కాలంలోనే. అదే 1978లో సుప్రీంకోర్టు మథుర కేసులో పోలీసులను వదిలేసింది. మరుసటి ఏడు నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును ప్రశ్నిస్తూ బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఆడవాళ్లు రోడ్లమీదికొచ్చారు. 1983లో కస్టడీ అత్యాచారాల మీద చట్టం మారిందంటే ఈ ఇద్దరు పేద స్త్రీల వల్లే.

ఈ చరిత్ర మీకు తెలుసు. నేను చెప్పదలచింది మా ఇంట్లో దానికి మిగిలిన జ్ఞాపకం గురించి. కర్ఫ్యూలో పాలు దొరకలేదనీ, తాత గోడ దూకి బీడీలు తెచ్చుకున్నాడనీ మగవాళ్లు చెబుతారు. అరుగు మీద అప్పుడు అన్న మరో మాట ఎవరూ చెప్పరు. "రాత్రిపూట ఆమెకు సినిమా ఏంది?" అన్నారు. మా అమ్మ, మేనత్త అంతకుముందు రెండో ఆటకు పోయేవాళ్లు. ఆ నెల తర్వాత మా ఇంట్లో ఆడవాళ్లు రెండో ఆటకు పోలేదు. ఎవరూ వద్దనలేదు. వాళ్లే మానుకున్నారు. వేరే వాడలో, వేరే స్టేషన్లో జరిగిన ఘోరం మా ఇంటి ఆడవాళ్ల రాత్రిని కత్తిరించేసింది.

ఇక మా మేనత్త సంగతి. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. పేరు మాత్రం వద్దంది.

1984 వానాకాలం. పెళ్లయి ఆరేళ్లు. మొగుడు కొట్టి, నగలు తెమ్మని పంపేశాడు. ఇంటికి రాలేదామె. నేరుగా స్టేషన్‌కు పోయింది. ఎందుకో తెలుసా? ఇంటికొస్తే తాత మళ్లీ పంపిస్తాడని. అప్పటికి 498ఎ సెక్షన్ వచ్చి ఏడాది కాలేదు. ఆ సంగతి ఆమెకు తెలియదు. స్టేషన్లో తెలిసినవాళ్లు ఎవరో, తెలిసీ ఊరుకున్నవాళ్లు ఎవరో నేను చెప్పలేను. పొద్దున పదింటికి పోయిన మనిషిని సాయంత్రం ఐదింటిదాకా కూర్చోబెట్టారు. ఏమీ రాయలేదు. తాతకు కబురు పంపారు. "పెద్దమనిషివి, బిడ్డకు బుద్ధి చెప్పుకో" అన్నారు. మొగుణ్ని పిలిపించి, ఇకమీదట మంచిగా చూసుకుంటానని తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నారు. ఆమె సంతకం, తాత సంతకం కూడా పెట్టించారు. కాగితం అక్కడే ఉంచుకున్నారు. నకలు ఇవ్వలేదు, అడగాలని ఎవరికీ తెలియదు. ఒక హెడ్ కానిస్టేబుల్ మాత్రం ఆమెకు చాయ్ తెప్పించాడు. ఆ చాయ్ సంగతి ఆమె ఈనాటికీ మరచిపోలేదు.

అంటే తాత ఆ రోజు మెట్లెక్కాడు. ఐదు మెట్లూ ఎక్కి, సంతకం చేసి దిగాడు. ఆ తర్వాత కూడా పదేళ్లు అదే మాట అన్నాడు!

రెండేళ్లకు ఆమె శాశ్వతంగా బయటికొచ్చేసింది. 125వ సెక్షన్ కింద భరణానికి కోర్టుకు పోయింది. అప్పట్లో ఆ సెక్షన్ కింద నెలకు ఐదొందల రూపాయలకు మించి ఇప్పించడానికి వీల్లేదు. ఆ పరిమితి 2001లో గానీ తీసెయ్యలేదు. సరైన కారణం లేకుండా భర్తను విడిచిన భార్యకు భరణం రాదని ఆ సెక్షన్లోనే ఉంది. కాబట్టి కొట్టాడని రుజువు కావాలి. అవతలి వకీలు ఒకటే ప్రశ్న వేశాడు. "కొడితే పోలీసులకు చెప్పలేదేం?" చెప్పాను అంది. కాగితం ఏదీ అన్నాడు. స్టేషన్‌ను అడిగితే అలాంటిదేమీ తమ దగ్గర లేదన్నారు. సాక్ష్యానికి తాతను రమ్మంటే, నేను ఠాణాకు పోలేదు అన్నాడు. అబద్ధం చెప్పాలని కాదు. ఇంటి పరువు కోసం అన్నాడు. ఆమెకు భరణం రాలేదు. మిషన్ కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది.

స్టేషన్ డైరీలో ఆమె లేదు. ఇంటి జ్ఞాపకంలోనూ ఆమె లేదు. ఒకళ్లు రాయలేదు, ఒకళ్లు చెప్పలేదు. ఈ రెండూ కలిస్తేనే ఆ వకీలు ప్రశ్నకు బలం వచ్చింది.

ఇప్పుడా పాత స్టేషన్ లేదు. కూల్చి మూడంతస్తుల భవనం కట్టారు. అద్దాల తలుపులు, రిసెప్షన్ బల్ల, దాని వెనక ఒక మహిళా కానిస్టేబుల్. మార్పు రాలేదని నేననను. హైదరాబాదులో 2014లో షీ టీమ్స్ వచ్చాయి, 2016లో భరోసా కేంద్రం వచ్చింది. ఆకతాయిల మీద ఫిర్యాదు ఇవ్వడం మా అమ్మ కాలంకంటే మా అమ్మాయి కాలంలో సులువే. స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని, ఆ దృశ్యాలు భద్రపరచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. స్టేషన్‌కు పోయినా పోలేదంటే చూపించడానికి ఒక దారి ఉందన్నమాట. కానీ ఎన్నాళ్లో ఉంచరు, వెంటనే రాతపూర్వకంగా అడగాలి.

అయితే ఇంటి లోపలి హింస దగ్గరికొచ్చేసరికి తలుపు ఓరగానే ఉంది. 2013లో తెచ్చిన సవరణ, అత్యాచారం, యాసిడ్ దాడి వంటి నేరాల్లో ఫిర్యాదు నమోదు చెయ్యని అధికారికి జైలుశిక్ష పెట్టింది. ఆ జాబితాలో 498ఎ లేదు. అదే ఏడాది లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఎఫ్.ఐ.ఆర్. తప్పనిసరి అంటూనే, భార్యాభర్తల వివాదాల్లో ముందుగా ప్రాథమిక విచారణ జరపవచ్చంది. 2024 జూలైలో కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చినా ఈ పరిస్థితి పెద్దగా మారలేదు. అప్పుడు రాజీ అన్నది ఇప్పుడు కౌన్సెలింగ్. మంచి కౌన్సెలింగ్ నేను చూశాను. చెడ్డది కూడా చూశాను. చెడ్డదానికి గుర్తు ఒకటే, దాని మీద కాగితం ఉండదు.

అందుకే మన సంస్థ కార్యకర్తలకు నేను ఒకటే పట్టుబట్టి చెబుతున్నాను. స్టేషన్‌కు తోడుపోయినప్పుడు మాట్లాడి రావడం కాదు. ఎఫ్.ఐ.ఆర్. అయితే నకలు ఉచితంగా ఇవ్వాలి, తీసుకోండి. ఎఫ్.ఐ.ఆర్. కాకపోతే జనరల్ డైరీ నంబరు అడగండి. ఇవ్వకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో పై అధికారికి పంపి రసీదు దాచండి. గృహహింస చట్టం 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. దాని కింద రక్షణాధికారి చేత ఘటన నివేదిక రాయించండి. మా మేనత్త ఆ వానలో నడిచిపోయిన రోజుకు అలాంటి ఒక్క కాగితం ఉంటే సరిపోయేది.

రెండోది ఇళ్లలో చెయ్యాల్సిన పని. పోయిన ఏడాది నేను ఆమె చెప్పిందంతా రాసుకున్నాను. డెబ్భై దాటాయి ఆమెకు. "రోజంతా బెంచీ మీద కూర్చోబెట్టారు" అని మా అమ్మ ఎప్పుడూ చెప్పేది, అలాగే రాసి చదివాను. మేనత్త ఆపింది. "బెంచీ యాడిది బిడ్డా? బెంచీ మీద మొగోళ్లు కూసున్నరు. నేను మెట్ల మీద కూసున్న. వాన పడ్డంక లోపలికొచ్చి గోడపొంటి నిలబడ్డ." కొట్టేసి మళ్లీ రాశాను.

బయట రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కాగితాలు పెట్టాం. మీ ఇంట్లో అమ్మనో అత్తనో పెద్దమ్మనో అడిగి రాయండి. పేర్లు రాయనక్కర్లేదు, స్టేషన్ పేరూ అక్కర్లేదు. ఏ సంవత్సరం, ఎందుకు పోయారు, ఎంతసేపు ఉంచారు, ఎక్కడ కూర్చోబెట్టారు, ఏమైనా రాశారా, రాస్తే నకలు ఇచ్చారా. నింపినవి వచ్చే నెల జిల్లా సమావేశానికి తెండి, అక్కడ కలిపి చదువుదాం.